గోడ ఆరకముందే మళ్లీ వాన

2021 ఆగస్టు 30న గంభీరావుపేట, లింగన్నపేట మధ్య మానేరు వాగు దాటబోయిన ఆర్టీసీ బస్సు వరదలో ఆగిపోయింది. అందులో ఉన్నవాళ్లను క్షేమంగా ఒడ్డుకు చేర్చారు. వారం తిరిగేసరికి, సెప్టెంబర్ 7న, సిరిసిల్ల పట్టణమే నీట మునిగింది. శాంతినగర్ లాంటి వాడల్లో నీళ్లు ఇళ్లలోకి జొరబడ్డాయి. కొత్తగా కట్టిన కలెక్టరేట్ చుట్టూ నీళ్లు నిలిచాయి. హైదరాబాద్ నుంచి సహాయక బృందాలను పంపాల్సి వచ్చింది. ఆ బురద కడిగి మూడు వారాలైనా కాలేదు, గులాబ్ తుపాను సెప్టెంబర్ 26 సాయంత్రం కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటి, వాయుగుండంగా బలహీనపడి ఉత్తర తెలంగాణ మీదుగా పడమటికి నడిచింది. 28న రాష్ట్రమంతటా బడులకు, ఆఫీసులకు సెలవిచ్చారు. అంటే నెల రోజుల్లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఒక్కటే మూడుసార్లు వరద చూసింది.

ఆఫీసులో ఇవి మూడు తేదీలు, మూడు వర్షపాతం నమోదులు, మూడు నష్టం అంచనాలు. పెంకుటింట్లో ఉన్న కుటుంబానికి మాత్రం ఆగస్టు చివర మొదలై బతుకమ్మ దాకా సాగిన ఒకే కష్టం. మొదటి వానకు తడిసిన బియ్యం ఎండబోసుకునేలోపు రెండోది వచ్చింది, రెండోదానికి నానిన గోడ ఆరేలోపు మూడోది వచ్చింది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వెంట వెంట వచ్చే వానలు చేసే నష్టం, ఆ వానలు విడివిడిగా వస్తే జరిగే నష్టాల మొత్తం కన్నా ఎక్కువ. మన విపత్తు సాయం మాత్రం ఏ వానకా వాన లెక్కగడుతోంది. ఆ తేడా ఎవరి ఖాతాలోకీ పోదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఇళ్లే దాన్ని మోస్తున్నాయి. ఈ లెక్క మారాలి.

నష్టం ఎందుకు ఎక్కువవుతుందో మట్టిగోడను చూస్తే తెలుస్తుంది. బుగ్గారంలోనైనా, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇప్పటికీ నిలిచి ఉన్న పాత ఇల్లంటే మట్టిగోడలు, వాటి మీద దూలాలు, పైన గూనపెంకలు. ఎండిన మట్టిగోడ గట్టిదే, తరాల పాటు నిలుస్తుంది. నీళ్లు దానికి రెండు వైపుల నుంచి చేటు చేస్తాయి. పెంక జరిగిన చోట పైనుంచి కారి గోడ తల నానుతుంది. వాకిట్లో నిలిచిన నీటిని గోడ అడుగు పీల్చుకుంటుంది. నానిన మట్టికి బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. వాన వెలిశాక రెండు మూడు రోజుల ఎండకు పైపొర తెల్లబడి ఆరినట్టు కనిపిస్తుంది గానీ, జానెడు లోపల తడి వారాల తరబడి ఉంటుంది. రెండో వాన ఆ గోడ మీద పడుతుంది. మొదటి దాని కన్నా చిన్న వానైనా చాలు. గోడ కూలి మనుషులు చనిపోయిన వార్తలు కుండపోత కురిసిన నాడే రావు, తెరిపిచ్చాక కూడా వస్తుంటాయి. కారణం ఇదే.

చెరువుదీ అదే తీరు. మొదటి వాన చెరువు నింపుతుంది, రెండోదానికి మత్తడి దుంకుతుంది, మూడోది కట్టను పరీక్షిస్తుంది. భూమి తాగగలిగినంత తాగేశాక పడిన ప్రతి చినుకూ వాగులోకే పోతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జరిగింది దీనికి పెద్ద రుజువు. ఆ నెల 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి వచ్చి నగరాన్ని ముంచింది. ఆ దెబ్బకు నిలిచిన బాలాపూర్ గుర్రం చెరువు కట్ట, నాలుగు రోజుల తర్వాత 17వ తేదీ రాత్రి పడిన వానకు తెగింది. 13నాటి బురద ఎత్తిపోసుకుంటున్న పాతబస్తీ ఇళ్లలోకి మళ్లీ వరద వచ్చింది. 17నాటి వానను ఒక్కదాన్నే విడిగా తీసి చూస్తే ఆ నష్టం అర్థం కాదు.

సిరిసిల్లలో ఇల్లు, కార్ఖానా చాలా చోట్ల ఒకే కప్పు కింద ఉంటాయి. నీళ్లొస్తే ముందు సాంచాల (మరమగ్గాల) మోటార్లు పోతాయి. చుట్టలోకి నీరు దిగిన మోటారును ఆరబెట్టకుండా నడిపితే కాలిపోతుంది. బీము మీదున్న పడుగుకు బురద పడితే ఆ బట్ట రెండో రకం కిందికి పోతుంది. ఇనుప భాగాలకు తుప్పు పడుతుంది. 2017లో మొదలై 2023 దాకా నడిచిన బతుకమ్మ చీరల కాలంలో సెప్టెంబర్ అంటే సిరిసిల్లకు గడువు నెల, చీర గోదాముకు చేరాల్సిన నెల. 2021లో పట్టణానికి రెండు వరదలూ ఆ నెలలోనే వచ్చాయి. మొదటిదాని తర్వాత సాంచాలు నడిపే ఆసామి అప్పు తెచ్చి మోటార్లు చుట్టించుకుంటే, మూడు వారాల్లో మళ్లీ అదే నీళ్లు, అదే భయం. కార్మికుడికి కూలి నేసిన బట్టను బట్టి వస్తుంది. సాంచా ఆగిన రోజు కూలి లేదు. విపత్తు నిబంధనల్లో పనిముట్లకు, ముడిసరుకుకు సాయం చేనేత, హస్తకళల వారికి ఉంది. మరమగ్గం మీద బతికే పట్టణం ఆ గడిలో ఇమడదు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఆ స్థానంలో బీడీలు ఉన్నాయి. ఇంటి కర్చు నడిపేది చాలా ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లే. తునికాకును నానబెట్టి, గోనెలో చుట్టి మెత్తబరిచి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి దారం కట్టాలి. ఆకుకు తడి కావాలి, అయితే కొలతలో కావాలి. ముసురు పట్టి ఇల్లంతా చెమ్మగిల్లితే ఆకుకు బూజు వస్తుంది, తంబాకు ముద్దవుతుంది. చుట్టిన బీడీలు కార్ఖానాలో ఛాట్ (పనికిరానివి) కింద పక్కకు పోతాయి. ఆకు లెక్క తప్పితే ఆ ధర కూలిలోంచి పోతుంది. ఒక వాన వస్తే నాలుగు రోజుల పని పోతుంది. వెంటనే ఇంకొకటి వస్తే ఇంట్లో పొడి మూల ఒక్కటి కూడా మిగలదు, పక్షం రోజుల కూలి పోతుంది. గోడ కూలితే చూడటానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వస్తారు. చెమ్మ చూడటానికి ఎవరూ రారు. ఇల్లే పనిచోటు అయిన ఈ ప్రాంతంలో ఇంట్లోకి నీళ్లు రావడమంటే జీతం ఆగడమే. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.

ఫారంలో ఉన్న గడులేమిటో చూద్దాం. 2022 నుంచి 2026 వరకు వర్తించే కేంద్ర నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఆ పాక్షిక నష్టమైనా కనీసం 15 శాతం ఉండాలి. బట్టలకు 2,500, గిన్నెలకు 2,500 ఇస్తారు, అదీ ఇల్లు కొట్టుకుపోతేనో, పూర్తిగా కూలితేనో, రెండు రోజులకు మించి నీటిలో మునిగి ఉంటేనో. ఈ చివరి షరతును మన నేలకు పెట్టి చూడండి. ఇది డెల్టా కాదు. వాగులు, వంకలు, రాళ్ల గుట్టలు ఉన్న వాలు నేల. నీళ్లు రాత్రి వచ్చి మర్నాటి సాయంత్రానికి దిగిపోతాయి. నెలలో మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఒక్కో రోజు ఉండి పోయిన నీళ్లు ఈ నిబంధన ముందు నిలవవు. బియ్యం, పప్పు, పిల్లల పుస్తకాలు, దుప్పట్లు మూడుసార్లు తడిశాయి. ఒక్కసారి కూడా రెండు రోజులు దాటలేదు. గోడకూ అంతే. ఒక్కో వానకు పదో వంతు దెబ్బతింటే ఒక్కసారీ 15 శాతం గీత దాటదు, మూడు వానలయ్యేసరికి ఇల్లు ఉండటానికి పనికిరాదు.

పంటల దగ్గర ఈ చిక్కు ఇంకా స్పష్టంగా ఉంటుంది. నష్టం 33 శాతం దాటితేనే సాయం. మార్చి రాళ్లవానకు పైరులో నాలుగో వంతు పోయిందనుకోండి, ఏప్రిల్ గాలివానకు మిగిలినదాంట్లో మళ్లీ నాలుగో వంతు. రెండుసార్లూ ఆ రైతు 33 శాతానికి కిందే ఉంటాడు, చేను మాత్రం 44 శాతం పోయింది. 2023లో ఉత్తర తెలంగాణ ఈ రెండు దెబ్బలనూ తిన్నది. మార్చి మూడో వారంలో వడగండ్లు పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 23వ తేదీన రామడుగు మండలం లక్ష్మీపూర్‌తో సహా పలు గ్రామాలు తిరిగి ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించారు. నెల తిరిగేసరికి ఏప్రిల్ చివరి వారంలో మళ్లీ ఈదురుగాలులు, రాళ్లు. కోతకొచ్చిన వరిలో గింజ రాలి గడ్డి మాత్రమే నిలబడింది. కోసినవాళ్ల వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పల మీదే తడిశాయి. 17 శాతం మ్యాచర్ (తేమ) దాటితే కొనరు. ఎండబోసి, కుప్ప చేసి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండబోసేసరికి వడ్లకు మొలకలొస్తాయి. జగిత్యాల మామిడికి కూడా ఆ రెండు నెలలే కీలకం. మార్చి గాలికి పిందె రాలితే చెట్టు మీద మిగిలిన కాయ మీదే రైతు ఆశ. ఢిల్లీకి లారీ ఎక్కాల్సిన ఆ కాయను ఏప్రిల్ గాలి నేల రాలిస్తే పచ్చడి కాయ ధర కూడా దక్కదు. కేంద్ర పంటల బీమాను రాష్ట్రం 2020 వానాకాలం నుంచి పక్కన పెట్టాక, ఈ రైతుకు ప్రకటన మీద ఆశ తప్ప హక్కుగా అడగడానికి పాలసీ కాగితం కూడా లేకుండా పోయింది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం తెలిసిందే. తుపాన్లు కోస్తావాళ్ల సంగతి, సముద్రం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం ఉన్న జగిత్యాలకు ఆ మాటెందుకు అని. కోస్తాకు తగిలే దెబ్బ పెద్దదే, కాదనను. 2013లో అక్టోబర్ 12న ఫైలిన్, నవంబర్ 22న హెలెన్, 28న లెహర్, నడుమ అక్టోబర్ చివర్లో అల్పపీడనపు కుండపోత. ఏడు వారాల్లో అంత అనుభవించిన తీరాన్ని మనతో పోల్చలేం. కానీ తీరం దాటిన తుపానుకు తగ్గేది గాలి. నీళ్లు దానితోనే లోపలికి వస్తాయి. వాయుగుండం అయ్యాక పత్రికల్లో దాని పేరు చిన్నదవుతుంది, అది కురిసే వాన చిన్నది కాదు. 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా, మర్నాడు వరంగల్, హనుమకొండలను ముంచింది. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో రైతుల వడ్లు నీటిలో కొట్టుకుపోయాయి. అంతకు రెండు నెలల ముందే, ఆగస్టు చివరి వరదలో, నర్మాల దగ్గర ఎగువ మానేరు అవతల చిక్కుకున్న రైతులను సైనిక హెలికాప్టర్‌తో తేవాల్సి వచ్చింది. నాలుగేళ్ల కింద బస్సు ఆగిన మానేరే అది. తీరంలో తుపాను షెల్టర్లు ఉన్నాయి, ఊరు ఖాళీ చేయించే అలవాటు ఉంది. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ పోరు. ఇంట్లోనే ఉండి, మంచం మీద మూటలు పెట్టుకుని, నీళ్లు దిగేదాకా చూస్తారు.

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. వాన లేక అల్లాడిన నేల ఇది. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టింది వాన నీటి కోసమే కదా, నిండిన చెరువును చూసి ఏడ్చేవాడు రైతా అని. నిజమే. బోర్లలో నీరు పైకి వచ్చింది, యాసంగి వరి పెరిగింది. అయితే లాభం, నష్టం ఒకే ఇంటికి రావు. చెరువు కింద పొలం ఉన్నవాడికి మత్తడి దుంకితే పండుగ. అదే మత్తడి కాలువ పక్కన పట్టా లేని జాగలో ఇల్లు వేసుకున్న బీడీ కార్మికురాలికి ఆ నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఊరి మొత్తానికి మేలు జరిగిందన్న మాట ఆమె గోడను నిలబెట్టదు. ఊరికి మేలు జరిగింది గనుకే ఆమె నష్టాన్ని ఊరు పంచుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ప్రతి తడి గోడకూ పరిహారమంటే ఖజానా తట్టుకోదని, వానలు కలిపి లెక్కిస్తే దొంగ దరఖాస్తులు పెరుగుతాయని అధికారులు అంటారు. రెండింటికీ ఆధారం లేకపోలేదు. హైదరాబాద్‌లో 2020లో కుటుంబానికి 10,000 చొప్పున పంచినప్పుడు అందాల్సినవాళ్లకు అందలేదనీ, అనర్హులకు పోయిందనీ గొడవలు జరిగాయి. కానీ ఆ గొడవకు మూలం వానలను కలపడం కాదు, సరైన నమోదు లేకుండా చేతికి నగదు పంచడం. నేను అడుగుతున్నది దానికి వ్యతిరేకం. మొదటి వానకే ఇంటి నష్టం నమోదు చేసి, రెండో వానకు అదే కాగితం మీద కొనసాగిస్తే అబద్ధం చెప్పడం కష్టమవుతుంది. పాత పగులును కొత్త పగులుగా చూపే వీలుండదు. ఖజానా మాటకొస్తే, నీరుపారే పొలానికి కేంద్ర నిబంధన ఇచ్చేది హెక్టారుకు 17,000, అంటే ఎకరానికి ఏడు వేల లోపు. రాష్ట్రం 2023లో ఎకరానికి 10,000 ప్రకటించింది. నిబంధన దాటి ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చని రాష్ట్రమే చూపింది.

రెండు వానల మధ్య ఉన్న రోజులను ఎలా వాడుకుంటామన్నది పరిహారం కన్నా పెద్ద ప్రశ్న. అమెరికాలోని ఫ్లోరిడాలో 2024 సెప్టెంబర్ 26న హెలీన్, అక్టోబర్ 9న మిల్టన్ తీరం దాటాయి, నడుమ పదమూడు రోజులే. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే టాంపా చుట్టుపక్కల, హెలీన్ వరదకు ఇళ్ల ముందు పోగైన సామాన్లు, చెక్కలు మిల్టన్ గాలికి లేచి మనుషుల మీద పడతాయన్న భయంతో రాత్రింబవళ్లు ఎత్తిపోయించారు. మనకు పదమూడు రోజులు కాదు, ఏడాది దొరికిన సందర్భం ఉంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు, గేట్ల నుంచి మూడు లక్షల క్యూసెక్కులు వదలగల కట్టడానికి, ఐదు లక్షలకు పైగా వరద వచ్చింది. కట్ట మీదుగా నీళ్లు పొర్లాయి, అయినా నిలిచింది. ఆ ఏడు గోదావరి ధర్మపురిలోకి వచ్చింది. 2023 జులై చివర్లో మళ్లీ వరద వచ్చేసరికి కడెం గేట్లలో నాలుగు లేవలేదు. కింది ఊళ్లవాళ్లు మరోసారి రాత్రంతా మేలుకున్నారు. మొదటి వరదను విపత్తు అనవచ్చు. ఏడాది తర్వాత కూడా లేవని గేటు నిర్లక్ష్యమే.

ఇంతకాలం ఈ ప్రాంతపు ఇళ్లకు అసలైన బీమా గల్ఫ్. గోడ కూలితే దుబాయి నుంచో, మస్కట్ నుంచో పైసలు వస్తాయి. ఆ ధీమా కూడా ఇప్పుడు నిలకడగా లేదు. 2021 సెప్టెంబర్‌లో మన మీదుగా పోయిన గులాబ్ అవశేషం గుజరాత్ దాటి అరేబియా సముద్రంలో మళ్లీ బలపడి, షాహీన్ అన్న కొత్త పేరుతో అక్టోబర్ 3న ఒమన్ తీరాన్ని తాకింది. సువైక్, ఖాబూరా పట్టణాలు మునిగాయి. ఇంటినీ, ఇంటికి డబ్బు పంపేవాళ్లు ఉన్న దేశాన్నీ ఒకే తుపాను వారం తేడాతో దెబ్బతీసింది. 2024 ఏప్రిల్ 16న దుబాయి ఉన్న యూఏఈలో పడిన వాన, 1949లో నమోదులు మొదలైనప్పటి నుంచి అక్కడ ఎన్నడూ చూడనిది. అరేబియా సముద్రంలో తుపాన్లు పెరుగుతున్నాయని పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు 2021లోనే తేల్చారు. బంగాళాఖాతంలో సంఖ్య అలా పెరగలేదని కూడా వారే చెప్పారు. కాబట్టి రేపు ప్రళయమని బెదిరించనక్కర్లేదు. వచ్చే వానల్లో రెండోది వచ్చేనాటికి మొదటిదాని గాయం మానుతోందా అన్నది చూస్తే చాలు.

చేయాల్సింది జిల్లా స్థాయిలోనే చాలావరకు సాధ్యం. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కలెక్టర్లు వచ్చే వానాకాలం నుంచి ఇంటి నష్టం సర్వేను సీజన్ సర్వేగా మార్చాలి. ఒక ఇంటికి ఒక ఫారం, జూన్ నుంచి నవంబర్ దాకా ప్రతి వాన నష్టం అందులోనే ఎక్కాలి, మొత్తం 15 శాతం దాటిన రోజున సాయం కదలాలి. పంటకూ మార్చి, ఏప్రిల్, మే కలిపి అలాగే. నీళ్లు ఇంట్లో ఉన్న రోజులను వరుసగా కాక, సీజన్ మొత్తానికి కలిపి లెక్కించేలా నిబంధన సవరించమని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. సాంచా కార్మికుడి, బీడీ కార్మికురాలి పనిరోజుల నష్టానికి ఒక గడి పెట్టాలి. పాఠకులకూ ఒక మాట. ఈసారి ఇంట్లోకి నీళ్లొస్తే రెండోసారి దాకా ఆగకండి. తేదీ రాసుకోండి, గోడ మీద నీటి గీత చెరగకముందే ఫోటో తీయండి, పంచాయతీ కార్యదర్శికో, మున్సిపాలిటీకో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. రెండో వాన తర్వాత అధికారి వచ్చినప్పుడు ఆ రసీదు ముందు పెట్టండి.